లెక్క తప్పని దర్శకుడు కె.వి.రెడ్డి

ఆదోని స్టేషనులో మద్రాసు వైపు వెళ్లే బండి ఎక్కితే గుంతకల్లు, గుత్తి దాటిన తరువాత తాడిపత్రి వస్తుంది. అక్కడ బండి ఆగేది కొద్దిసేపే. కానీ తెలుగు సినిమా చరిత్రలో ఆ ఊరి పేరు చెరగకుండా నిలిచిపోయింది. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన కదిరి వెంకటరెడ్డి 1912 జూలై 1న ఆ ఊరిలోనే జన్మించారు. దేశమంతా ఆయనను కె.వి.రెడ్డిగా ఎరుగును. మన రాయలసీమ మట్టిలో పుట్టి, ఈ రైలు దారినే మద్రాసు చేరి, తెలుగు, తమిళ ప్రజలను ఒకే విధంగా మెప్పించిన ఆ మనిషి జీవితంలో మనం నేర్చుకోదగినది ఒకటుంది. దాని కోసమే ఈ నాలుగు మాటలు.

సినిమా మనిషి ప్రసక్తి ఈ పేజీలో ఎందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. వారి అభ్యంతరం మనకు తెలియనిది కాదు. ఆయన తీసినవాటిలో చాలా భాగం పురాణ కథలు, జానపద కథలు. వాటిలోని విశ్వాసాలను గురించి మనమిక్కడ చర్చించబోవడం లేదు. ఇతరుల సొమ్మును, ఇతరుల సమయాన్ని తన చేతిలో పెట్టిన అమానతుగా భావించి, ముప్పై ఏళ్లపాటు అదే పద్ధతిలో పనిచేసిన ఒక మనిషి కథ ఇది. ఆదోని పత్తి మార్కెట్టులో కాటా దగ్గర నిలబడే వ్యాపారికి, ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చునే నేతగానికి, బడిలో పాఠం చెప్పే మాబోటి ఉపాధ్యాయులకు కూడా అందులో పాఠముంది.

క్యాషియరుగా మొదలు

వెంకటరెడ్డి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. మేనమామల ఇంట పెరిగారు. యతీముగా పెరిగిన బిడ్డకు రూపాయి విలువ త్వరగా తెలుస్తుంది. తాడిపత్రిలో చదువుకునే రోజుల్లోనే మూలా నారాయణస్వామితో స్నేహం కుదిరింది. ఆ స్నేహమే తరువాత ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎస్‌సి. పూర్తి చేశారు. సైన్సు చదివిన ఆ బుద్ధి, కొలిచి చూడనిదే దేనినీ నమ్మని ఆ అలవాటు చివరిదాకా ఆయనను వదలలేదు.

ఆ కాలంలో హెచ్.ఎం.రెడ్డి ఆధ్వర్యంలోని రోహిణి పిక్చర్స్ 'గృహలక్ష్మి' అనే చిత్రం తీసింది. అది 1938లో విడుదలయింది. అందులో కె.వి.రెడ్డి చేసిన ఉద్యోగం క్యాషియరు. ఎవరికెంత ఇచ్చారు, దేనికెంత ఖర్చయింది అని రాసుకునే పని. కెమెరా దగ్గర నిలబడే అవకాశం కోసం ఎందరో ఎదురుచూస్తున్న చోట ఆయన డబ్బుపెట్టె దగ్గర కూర్చుని, సినిమాలో డబ్బు ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో గమనించారు.

కొద్దికాలానికే బి.ఎన్.రెడ్డి, కె.రామనాథ్, ఎ.కె.శేఖర్ ప్రభృతులు విడిగా వచ్చి వాహిని సంస్థను స్థాపించారు. దానికి పెట్టుబడిదారుగా అండగా నిలిచినవారిలో ముఖ్యులు మూలా నారాయణస్వామి. కె.వి.రెడ్డి వాహినిలో ప్రొడక్షన్ మేనేజరు అయ్యారు. 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) చిత్రాలకు బి.ఎన్.రెడ్డి దర్శకులు. కె.వి. వాటి ఏర్పాట్లు చూశారు. అంటే ఆయన దర్శకత్వం నేర్చుకున్నది పుస్తకాలలో కాదు, పెద్దల పక్కన నిలబడి, వారి పనికి కావలసినవన్నీ వేళకు అందిస్తూ. మన ఉర్దూలో చెప్పాలంటే ఉస్తాదుల సేవలో షాగిర్దుగా నేర్చుకున్న విద్య అది.

స్నేహితుని పూచీ

తానే ఒక చిత్రానికి దర్శకత్వం వహిస్తానని కె.వి. ముందుకు వచ్చినప్పుడు సంస్థలో అందరూ ఒక్కసారిగా ఒప్పుకోలేదు. లెక్కలు చూసే మనిషి కథ చెప్పగలడా అన్న సందేహం సహజమే. అప్పుడు నష్టం వస్తే తాను భరిస్తానని మూలా నారాయణస్వామి పూచీ పడ్డారని చెబుతారు. ఆ విధంగా 1943లో 'భక్త పోతన' వెలువడింది. పోతనగా చిత్తూరు నాగయ్య నటించారు. రాజాశ్రయాన్ని కాదని పొలం దున్నుకుని బతికిన కవి కథ అది. ప్రజలు దానిని నెత్తిన పెట్టుకున్నారు. స్నేహితుని పూచీకి పని పడలేదు.

అది రెండో ప్రపంచ యుద్ధం రోజులని గుర్తుంచుకోవాలి. జపాను బాంబుల భయంతో 1942లో మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. ముడి ఫిలిం విదేశాల నుంచి రావాలి. యుద్ధం వల్ల అది దొరకడమే గగనమయింది. అటువంటి రోజుల్లో ఒక్కొక్క అడుగు ఫిలిం చూసుకుని ఖర్చుపెట్టవలసిన అవసరం అందరికీ వచ్చింది. యుద్ధం ముగిశాక చాలామంది ఆ పొదుపును మరచిపోయారు. కె.వి. మరచిపోలేదు.

రెండో చిత్రం 'యోగి వేమన' (1947). వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరికి దగ్గరలోనే ఉంది. కె.వి.రెడ్డి ఇంటిపేరు కూడా కదిరే. భోగలాలసుడైన యువకుడు మృత్యువును చూసి, లోకం తీరు చూసి, మారిన మనిషిగా ప్రజల మధ్య తిరగడం ఆ చిత్ర కథ. నాగయ్య నటన గురించి నేటికీ చెప్పుకుంటారు. 1949లో 'గుణసుందరి కథ' వచ్చింది. షేక్‌స్పియర్ రాసిన లియర్ రాజు కథను రచయిత పింగళి నాగేంద్రరావు మన పల్లెల్లో అవ్వలు చెప్పే కథలా మార్చి రాశారు. ఇంగ్లండు నాటకం తెలుగు ముంగిట్లోకి ఎలా వచ్చిందో తెలియనంత సహజంగా వచ్చింది. ఆ మరుసటి ఏడు 1950లో, ప్రాణస్నేహితుడు నారాయణస్వామి చిన్న వయసులోనే కన్నుమూశారు.

అల్లావుద్దీను, తోటరాముడు

నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా సంస్థ కోసం కె.వి. తీసిన తొలి చిత్రం 'పాతాళభైరవి'. అది 1951 మార్చి 15న విడుదలయింది. ఉజ్జయిని రాకుమారిని ప్రేమించిన తోటమాలి కొడుకు, అతనిని బలి ఇచ్చి అద్భుత శక్తిని సంపాదించాలని చూసే నేపాళ మాంత్రికుడు, కోరినది ఇచ్చే చిన్న బొమ్మ. ఈ కథ చూసినప్పుడు మన ఇళ్లలో అలిఫ్ లైలా కథలు విని పెరిగిన పిల్లలకు వెంటనే అల్లావుద్దీను గుర్తుకొస్తాడు. దూరదేశం నుంచి వచ్చి పేద పిల్లవాణ్ణి గుహలోకి దింపే మాంత్రికుడు, దీపం, అందులోని జిన్ను, చివరికి సుల్తాను కుమార్తె. కాశీమజిలీ కథల ఛాయలతోపాటు ఈ అరేబియా కథ ఛాయ కూడా 'పాతాళభైరవి'లో ఉందని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నదే. మరో విశేషం ఉంది. అల్లావుద్దీను కథ పాత అరబ్బీ ప్రతులలో లేదు. అలెప్పో నగరానికి చెందిన హన్నా దియాబ్ చెప్పగా విని, పద్దెనిమిదో శతాబ్ది తొలినాళ్లలో గాలన్ అనే ఫ్రెంచి పండితుడు తన అనువాదంలో చేర్చాడు. సిరియాలో పుట్టి పారిస్ చేరి, ప్రపంచమంతా తిరిగిన కథ చివరకు తాడిపత్రి మనిషి చేతిలో తోటరాముడి కథకు నీడ అయింది. మంచి కథకు ఊళ్లతో, భాషలతో పేచీ లేదు.

తోటరాముడి వేషానికి ఎన్.టి.రామారావును ఎంపిక చేసిన తీరు గురించి ఒక సంగతి చెబుతారు. టెన్నిస్ ఆడుతూ బంతి తప్పిన కోపంలో తరువాతి బంతిని రామారావు బలంగా కొట్టడం చూసి, తనకు కావలసిన మొండి యువకుడు ఇతడేనని కె.వి. నిశ్చయించుకున్నారట. మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు నటించారు. ఆ ఇద్దరి జీవితాలూ ఆ చిత్రంతో మారిపోయాయి. అదే ఏడు తమిళంలోనూ విడుదలయి, అక్కడా విజయం సాధించింది. 1952లో మన దేశంలో తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు దక్షిణాది నుంచి అక్కడికి వెళ్లిన చిత్రం 'పాతాళభైరవి'.

రెండు భాషల్లో తీయడంలోనూ ఒక లెక్క ఉంది. సెట్టు ఒకటే, దుస్తులు ఒకటే, కెమెరా, దీపాలు, పనివారు ఒకటే. తెలుగు దృశ్యం తీశాక అక్కడే తమిళ దృశ్యం తీస్తే ఒక ఖర్చుతో రెండు రాష్ట్రాల మార్కెట్టు దొరుకుతుంది. కానీ సంభాషణ, నటుల పలుకు, కొన్నిచోట్ల నటులు కూడా మారతారు. ముందే అంతా సిద్ధం చేసుకున్నవారికే అది సాధ్యం.

గడియారం చేతిలో పట్టుకుని

కె.వి.రెడ్డి పద్ధతిని గురించి ఆయన వద్ద పనిచేసినవారందరూ చెప్పే సంగతి స్టాప్‌వాచి. స్క్రిప్టు పూర్తిగా తయారయ్యేవరకు ఆయన షూటింగుకు వెళ్లేవారు కాదు. ప్రతి దృశ్యాన్నీ చదివించి, నటుడు నడిచే నడకకు, ఆగే ఆగుడుకు ఎన్ని సెకన్లు పడుతుందో గడియారంతో కొలిచేవారు. సినిమా ఫిలిం సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. కాబట్టి నిమిషాలు తెలిస్తే అడుగులు తెలుస్తాయి, అడుగులు తెలిస్తే ఖర్చు తెలుస్తుంది. అనుకున్న నిడివికి మించితే మళ్లీ తీయడమే. ముందు వేసిన లెక్కకూ, పూర్తయిన చిత్రం నిడివికీ పెద్ద తేడా ఉండేది కాదంటారు.

ఎమ్మిగనూరు నేతగాండ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చీర పొడవెంత, అంచు వెడల్పెంత, ఏ రంగు పోగులెన్ని అన్నది పడుగు వేసేటప్పుడే తేలిపోవాలి. మగ్గం మీదకెక్కిన తరువాత పోగు తక్కువైందని విచారించి లాభం లేదు. కె.వి. సినిమాకు పడుగు కాగితం మీదే వేసేవారు. పేక మాత్రమే స్టూడియోలో.

ఇది పిసినారితనం కాదని పాఠకులు గమనించాలి. ఆ సొమ్ము ఆయనది కాదు. ఆయనను నమ్మి నిర్మాత తెచ్చినది, నిర్మాతను నమ్మి పంపిణీదారు ఇచ్చినది. పని ఆలస్యమయితే నష్టపోయేది వారు మాత్రమే కాదు, రోజుకూలీకి వచ్చే వడ్రంగి, దీపాలు మోసే కుర్రవాడు కూడా. ఆ ఎరుక ఉన్నది కనుకనే ఆయన గడియారం పట్టుకున్నారు.

పెద్దమనుషుల ముసుగు

1954లో వాహిని కోసం ఆయనే నిర్మాతగా, దర్శకునిగా తీసిన 'పెద్దమనుషులు' చూస్తే, మాయలు మంత్రాలు లేకుండానూ ఆయన కథ చెప్పగలరని తెలుస్తుంది. నార్వే రచయిత ఇబ్సన్ నాటకం దానికి ప్రేరణ. డి.వి.నరసరాజు మాటలు రాశారు. పురపాలక సంఘానికి అధ్యక్షుడు, ధర్మాత్ముడని ఊరంతా చేతులెత్తి మొక్కే మనిషి. లోపల చేసేవన్నీ అక్రమాలు. నిజం మాట్లాడేవాడు ఆ ఊళ్లో ఒక్కడే, అందరూ వెర్రివాడని నవ్వే తిక్క శంకరయ్య. ఆ వేషం వేసిన రేలంగికి ఎనలేని పేరు వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లే అయిన రోజుల్లో, ప్రజల సొమ్ముకు కాపలాదారే దొంగ అయితే ఏమవుతుందని ఆ చిత్రం అడిగింది. క్యాషియరుగా బతుకు మొదలుపెట్టిన మనిషికి అడగవలసిన ప్రశ్నే అది. ఆ ప్రశ్న ఏ ఊళ్లోనూ పాతబడలేదు.

మరుసటి ఏడు అన్నపూర్ణ సంస్థకు మొదటి చిత్రంగా 'దొంగరాముడు' తీశారు. అక్కినేని, సావిత్రి నటించారు. కె.వి. చేతనే తొలి చిత్రం తీయించుకోవాలని ఆ సంస్థవారు ఆయనకు తీరిక దొరికేదాకా వేచి ఉన్నారు. మాట మీద నిలబడేవాని కోసం వేచి ఉండడానికి లోకం సిద్ధంగా ఉంటుంది.

మాయలో కూడా లెక్క

1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదలయింది. తమిళ చిత్రం కొద్ది వారాలకే వచ్చింది. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుని పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ ధరించారు. ఆ చిత్రం మొదలుకాకముందే ఖర్చు అంచనా చూసి నిర్మాతలు వెనుకాడారని, అనుకున్న సొమ్ములోనే పూర్తి చేస్తానన్న కె.వి. హామీ మీద ముందుకు కదిలారని చెబుతారు. శ్రీకృష్ణుని పాత్రకు రామారావు మొదట సంకోచించారు. అంతకుముందు మరో చిత్రంలో కొద్దిసేపు ఆ వేషంలో కనిపిస్తే ప్రజలు మెచ్చలేదు. కె.వి. పట్టుబట్టి ఒప్పించారు. ఆ తరువాతి సంగతి తెలుగువారందరికీ తెలిసిందే.

కథ భారతానికి సంబంధించినది. కానీ చిత్రం మొత్తంలో పాండవులు ఒక్కసారీ తెరమీదకు రారు. ఇందులో ఎంత తెలివి ఉందో ఆలోచించండి. అయిదుగురు వీరులు వస్తే కథ యుద్ధం వైపు పోతుంది. వారిని దూరంగా ఉంచడం వల్ల అది పెళ్లింటి కథ అయింది. ఇచ్చిన మాట తప్పి, సిరి ఉన్న సంబంధం వైపు మొగ్గిన తల్లిదండ్రుల కథ అయింది. అటువంటి పెళ్లిళ్ల పంచాయతీలు మన ఇళ్లలోనూ చూస్తూనే ఉంటాము. అందుకే మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఆ కథ తమ ఇంటి కథలా తోచింది.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను పట్టి తెచ్చినట్లు తెరమీద చూపించారు. గోఖలే, కళాధర్ కళాదర్శకులు. రంగారావు ముందు లడ్డూలు వాటంతటవే కదిలి నోట్లోకి వెళ్లే దృశ్యం ఈనాటి పిల్లలనూ నవ్విస్తున్నది. కంప్యూటర్లు లేని కాలంలో ఆ గారడీ అంతా కెమెరాను ఆపి, వస్తువును కొద్దికొద్దిగా జరిపి, మళ్లీ తిప్పడం వంటి ఉపాయాలతో చేసినది. ఒక్క బొమ్మ తప్పినా మాయ చెదిరిపోతుంది. అంటే చూసేవానికి అది మాయ, తీసేవానికి అది ఎక్కం. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు నిండాయి. 2013లో ఒక టీవీ వార్తా సంస్థ నిర్వహించిన ఓటింగులో భారతీయ చిత్రాలన్నింటిలో గొప్పదిగా దానినే ఎన్నుకున్నారు. అప్పటికి దర్శకుడు పోయి నలభై ఏళ్లు దాటింది.

ఎదురుగాలి

జయంతి పిక్చర్స్ పేరుతో కె.వి. స్వయంగా నిర్మాణంలోకి దిగి 'పెళ్లినాటి ప్రమాణాలు' (1958) తీశారు. అక్కడే 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) కూడా వచ్చింది. మధ్యలో 1961లో విజయా వారి 'జగదేకవీరుని కథ' మరో ఘనవిజయం. అక్కడి నుంచి గాలి మారింది.

1965లో 'సత్యహరిశ్చంద్ర' తీశారు. అది ఆడలేదు. అదే ఏడు, అదే సంస్థ, అదే కథను రాజ్‌కుమార్‌తో కన్నడంలో వేరే దర్శకుని చేత తీయిస్తే అది గొప్పగా ఆడింది. ఆదోని సరిహద్దు ఊరు. బళ్లారి వైపు చుట్టాలున్న ఇళ్లు మనకు కొల్లలు. కన్నడ హరిశ్చంద్రను మెచ్చుకున్నవారు ఇక్కడా ఉన్నారు. ఆ పోలిక ఆ పెద్దమనిషిని ఎంత బాధించి ఉంటుందో ఊహించవచ్చు. 1968లో వచ్చిన 'భాగ్యచక్రము', 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' కూడా నిరాశపరిచాయి. విజయా సంస్థకు అదే ఆయన చివరి చిత్రం. ఆ తరువాత మూడేళ్లపాటు ఆయన చిత్రమేదీ తెరమీదకు రాలేదు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆయన లెక్కలో తేడా రాలేదు. గడియారం అదే, శ్రద్ధ అదే. కానీ ప్రేక్షకుని మనసును కొలిచే గడియారం ఏ మనిషి చేతికీ దొరకదు. నిజాయితీగా పనిచేసినవారికి ఎప్పుడూ విజయమే వస్తుందని పిల్లలకు చెబితే అది అబద్ధమవుతుంది. పనిలో నిజాయితీ మన చేతిలో ఉన్నది. ఫలితం కాదు.

చివరకు ఆయనకు పిలుపు వచ్చింది ఒకనాటి తోటరాముడి నుంచే. రామారావు అప్పటికి తానే దర్శకుడు, తానే నిర్మాత. అయినా తన సంస్థలో 'శ్రీకృష్ణ సత్య' చిత్రానికి దర్శకత్వం కె.వి.రెడ్డికే అప్పగించారు. సత్యభామగా జయలలిత నటించారు. 1971లో విడుదలైన ఆ చిత్రం ఆదరణ పొందింది. ఇరవై ఏళ్ల కిందట వేషమిచ్చిన గురువును మరచిపోకపోవడం శిష్యుని గొప్పతనం. మరికొన్ని నెలలకే, 1972 సెప్టెంబరు 15న, కె.వి.రెడ్డి అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మిగిలినదేమిటి

దాదాపు ముప్పై ఏళ్లలో ఆయన దర్శకత్వం వహించినవి 14 కథలే. ఏడాదికి నాలుగైదు చిత్రాలు తీసినవారి మధ్య ఇది చిన్న అంకె. ఆయన దగ్గర సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తరువాత మాటలే లేని 'పుష్పక విమానం' (1987), కాలంలో ప్రయాణించే 'ఆదిత్య 369' (1991) తీశారు. కాగితం మీద అంతా సిద్ధం చేసుకున్నాకే కెమెరా ముట్టుకోవాలన్న పాఠం గురువు దగ్గర నేర్చినదేనని ఆయన అనేకసార్లు కృతజ్ఞతతో చెప్పుకున్నారు. ఉస్తాదు పోయినా ఆయన గడియారం ఆగలేదన్నమాట.

మన పిల్లలలో ఎవరైనా ఒక దుకాణంలో గల్లాపెట్టె దగ్గర చిన్న జీతానికి కూర్చున్నట్లయితే, అది చిన్న పని అని చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి. తాడిపత్రి నుంచి వెళ్లిన ఒక కుర్రవాడు అక్కడే మొదలుపెట్టాడు. ఇతరుల పైసా ఇతరులదిగా చూడడం అక్కడే నేర్చాడు. ఆ తరువాత తెరమీద ఎన్ని మాయలు చేసినా ఆ లెక్కను మాత్రం చివరివరకు తప్పలేదు.